ముప్ఫై ఏళ్ళవారి నోట్లో మానని పుండు: కాన్సర్ అవునో కాదో తేల్చే పద్ధతి

నోటి కాన్సర్ కేసుల్లో ఎక్కువ భాగం యాభై దాటినవారివే. అయితే ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవారికీ ఇది వస్తుంది. ఈ జబ్బు విషయంలో ‘చిన్న వయసు’ అంటే సాధారణంగా 45 లోపు, కొందరి లెక్కలో 40 లోపు. ఈ వయసువారిలో నాలుక పక్క అంచున వచ్చే కాన్సర్ ఎక్కువ. వీరిలో కొందరు పొగాకు, వక్క, మద్యం ఎన్నడూ ముట్టనివారు. అలవాట్లు లేవు, వయసు లేదు కాబట్టి కాన్సర్ ఉండదనుకుంటే సరిగ్గా ఇలాంటివారి దగ్గరే పొరపాటు పడతాం.

ఇది చిన్నగా ఉన్నప్పుడే కంటికి కనిపించే, వేలికి తగిలే చోట పుడుతుంది. అయినా చిన్నవారిలో ఆలస్యంగా బయటపడుతోందంటే, చాలాసార్లు చూసినవారికి ఆ అనుమానమే రాలేదని అర్థం. నోటిపూత అనుకుని పేషెంటు జెల్ కొనుక్కుంటాడు. విటమిన్ లోపమని డాక్టరు బి కాంప్లెక్స్ రాస్తారు. పన్ను గీసుకుంటోందని డెంటిస్టు ఆ పన్ను అరగదీస్తారు. విడివిడిగా చూస్తే మూడూ సబబైన పనులే. ఒకదాని తర్వాత ఒకటిగా జరిగితే మాత్రం నెలలు గడిచిపోతాయి.

డెంటిస్టులు, జనరల్ ప్రాక్టీసు డాక్టర్లు, ఇఎన్‌టీలో కొత్తగా చేరినవారు ఈ కింది పద్ధతిని వాడుకోవచ్చు. పుండుతో తిరుగుతున్నవారు చదివినా, తమకు ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో తెలుస్తుంది.

ముందు తేదీ పట్టుకోండి

ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే ‘ఈమధ్యే’ అంటారు. ఆ జవాబు పనికిరాదు. ఏదో ఒక గుర్తుండే సంఘటనకు ముడిపెట్టి అడగండి: ఉద్యోగం మారకముందా తర్వాతా, ఫలానా ప్రయాణానికి వెళ్ళేటప్పటికే ఉందా? వచ్చిన తేదీని కేస్ షీట్ మీద రాయండి. రోజుల లెక్క ఆ తేదీ నుంచి మొదలవ్వాలి. ప్రతి కొత్త డాక్టరూ తన దగ్గరికి వచ్చిన రోజు నుంచి రెండు వారాలు లెక్కపెట్టడం మామూలుగా జరిగే తప్పు.

తర్వాత ప్రశ్న, ‘తగ్గి మళ్ళీ వచ్చిందా? వస్తే అదే చోటా?’ నోటిపూత వచ్చిపోతుంటుంది, వచ్చినప్పుడల్లా చోటు మారుస్తుంది. ఒకే చోట ఉండి, నొప్పి తగ్గినా పూర్తిగా మూసుకోని పుండును వేరుగా చూడాలి. స్టెరాయిడ్ జెల్ రాస్తున్నారేమో కూడా కనుక్కోండి. దానివల్ల పుండు చుట్టూ ఎరుపు, మంట తగ్గుతాయి. తగ్గుతోందనుకుని అందరూ మరో రెండు వారాలు ఆగుతారు.

ఈ కింది వాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి అడగాలి, ఎందుకంటే వాటికీ పుండుకూ సంబంధం ఉందని పేషెంటుకు తట్టదు: అదే పక్క చెవిలో నొప్పి (చెవి పరీక్షలో ఏమీ కనిపించదు), కింది పెదవిలోనో గడ్డంలోనో నాలుకలోనో తిమ్మిరి, చిగుళ్ళ జబ్బు లేకుండా ఒక్క పన్ను కదలడం, పన్ను తీయించాక ఆ గుంట మానకపోవడం, మాట తడబడటం, మింగేటప్పుడు అడ్డు, మెడలో గడ్డ. చెవి నొప్పి గురించి ఒక మాట. నాలుకకూ, చెవి ప్రాంతానికీ స్పర్శ నరాలు ఒకే మూలం నుంచి వెళ్తాయి కాబట్టి నోట్లో ఉన్న జబ్బు నొప్పి చెవిలో తెలుస్తుంది. చెవి మామూలుగా ఉండి ఒక్క పక్కే నొప్పి ఉంటే నోరు, గొంతు పూర్తిగా చూడందే పేషెంటును పంపకండి.

అలవాట్ల గురించి తప్పుపట్టే గొంతుతో అడగకండి, నిజం చెప్పరు. పొగ, నమిలే పొగాకు, వక్క, మద్యం వేర్వేరుగా అడిగి, ఎన్నేళ్ళు, రోజుకు ఎన్నిసార్లు అన్నది రాయండి. లేవని చెబితే ఆ జవాబు రాసుకుని ముందుకు వెళ్ళండి, పరీక్ష మాత్రం తగ్గించకండి.

పరీక్ష

మంచి వెలుతురు, చేతి తొడుగులు, రెండు నోటి అద్దాలు, గాజుగుడ్డ, మిల్లీమీటర్ గుర్తులున్న ప్రోబ్ (కొలిచే సన్నని పుల్ల). ఇవి చాలు. కట్టుడు భాగాలు, తీసిపెట్టే క్లిప్పులు ఉంటే తీయించండి.

మొదట మెడ. పేషెంటు వెనక నిలబడి రెండు చేతులతో గడ్డం కింద, దవడ కింద, తర్వాత మెడ పక్క కండరం పొడవునా పైనుంచి కింది దాకా, చివరగా భుజం వైపు వెనక త్రికోణంలో వెతకండి. నొప్పి లేకుండా గట్టిగా, సెంటీమీటరుకు మించి, పక్క కణజాలానికి అతుక్కున్నట్టుండే గడ్డ అనుమానించదగినది. ఈ వయసువారిలో చిన్న మెత్తటి బిళ్ళలు మామూలే.

నోరు తెరవమని ముందు పళ్ళ అంచుల మధ్య దూరం కొలవండి. 35 మి.మీ. కన్నా తక్కువైతే నోరు బిగుసుకుంటున్నట్టు. పెదవులు, బుగ్గల లోపలి పొర, చిగుళ్ళు లోపలా బయటా, చివరి దంతాల వెనక ఉన్న త్రికోణం, గట్టి అంగిలి, మెత్తటి అంగిలి, టాన్సిళ్ళు: రోజూ ఒకే వరసలో చూస్తే ఏదీ తప్పిపోదు.

నాలుక దగ్గర నిదానించండి. ‘నాలుక చాపండి’ అని ముందు నుంచి చూస్తే కాన్సర్ ఎక్కువగా వచ్చే చోటు కనిపించదు. నాలుక కొనను గాజుగుడ్డతో పట్టుకుని ముందుకూ, ఒక పక్కకూ మెల్లగా లాగాలి. అటువైపు బుగ్గను అద్దంతో పక్కకు నెట్టి, చివరి దంతం ఎదురుగా ఉన్న అంచు కనిపించేదాకా చూడాలి. తర్వాత రెండో పక్క. నాలుక పైకెత్తించి అడుగు భాగం. చాపినప్పుడు నాలుక ఒక పక్కకు లాగుతోందా, కదలిక తగ్గిందా గమనించండి. వెనక అంచున నిలువు మడతల్లా ఉండే ఫోలియేట్ పాపిల్లాలు, వాటి పక్కన ఉండే లింఫు కణజాలం చూసి కంగారు పడేవారున్నారు. అవి రెండు పక్కలా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మెత్తగా ఉంటాయి. ఒక్క పక్కే పెరిగి, గట్టిగా ఉంటే మాత్రం సాధారణ భాగమని వదలకండి.

చూశాక తాకాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పుండు అంచును చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకోండి. నోటి అడుగుభాగాన్ని ఒక వేలు లోపల, రెండో చేతి వేళ్ళు గడ్డం కింద పెట్టి మధ్యలో నొక్కి చూడండి. మామూలు పుండు చుట్టూ కణజాలం మెత్తగా వంగుతుంది. కాన్సర్ పుండు అడుగున, అంచున ఒక గట్టి పలక ఉన్నట్టు తగులుతుంది. మీ చెవి తమ్మెను ఒకసారి, చెవి పై అంచును ఒకసారి నొక్కి చూసుకుంటే ఆ తేడా వేలికి తెలుస్తుంది. అంచు బయటికి చుట్టుకున్నట్టు లేచి ఉండటం, తాకితే రక్తం రావడం, అడుగు గరుకుగా ఉండటం కూడా అనుమానాన్ని పెంచేవే. నొప్పి ఉందా లేదా అన్నదాన్నిబట్టి మాత్రం తేల్చకండి. తొలిదశలో నొప్పి లేకపోవచ్చు, పుండు పడ్డాక బాగా ఉండనూవచ్చు.

ప్రోబ్‌తో రెండు దిక్కులా కొలిచి రాయండి. కొలత కనిపించేలా ఫోటో తీయండి. రెండు వారాల తర్వాత ‘కాస్త తగ్గినట్టుంది’ అనే మాటకు విలువ లేదు, 9 మి.మీ. ఉన్నది 9 మి.మీ. లాగే ఉందా అన్నది చూడాలి.

పుండే కానక్కర్లేదు. తుడిస్తే పోని తెల్ల మచ్చ, ముఖమల్‌లా కనిపించే ఎర్ర మచ్చ, ఎరుపూ తెలుపూ కలిసిన మచ్చ కూడా లెక్కలోకే వస్తాయి. వీటిలో ఎర్ర మచ్చ చాలా ప్రమాదకరం. తెల్లమచ్చల్లో చాలావరకు కాన్సర్‌గా మారవు గానీ, ఎర్రమచ్చల్లో పరీక్షకు ముక్క తీసేనాటికే తీవ్రమైన డిస్‌ప్లేషియానో (కాన్సర్‌కు దారితీయగల కణాల మార్పు) కాన్సరో దొరకడం తరచు జరుగుతుంది.

ఏవి ఎంతకాలం ఆగవచ్చు

మామూలు నోటిపూత గుండ్రంగా, సెంటీమీటరు లోపు, పసుపు అడుగుతో, ఎర్రటి చుట్టుతో ఉంటుంది. 7 నుంచి 14 రోజుల్లో మానుతుంది. అందులో పెద్ద రకం ఒకటుంది, అది సెంటీమీటరు దాటి, మానడానికి ఆరు వారాలు కూడా పట్టవచ్చు. దీన్ని కాన్సర్ నుంచి చూపుతో వేరుచేయగలమని ధీమా పడకుండా ముక్క తీయడం మంచిది.

ఒరుసుకుని పడిన పుండైతే దానికి ఎదురుగా కారణం కనిపించాలి: విరిగిన పన్ను, క్లిప్పుల తీగ, నాలుకకు పెట్టించుకున్న ఆభరణం, అడ్డంగా పెరిగిన జ్ఞానదంతం. నోరు మూసినప్పుడు ఆ మొన సరిగ్గా పుండు మీదికి వస్తోందా చూడండి. రాకపోతే ఆ కారణం మనం కల్పించుకున్నదే. వస్తే మొన తీసేసి, సరిగ్గా రెండు వారాలకు తేదీ, సమయం ఇచ్చి పంపండి. ‘తగ్గకపోతే రండి’ అని చెప్పకండి. పని ఒత్తిడిలో ఉన్న చిన్నవారు రారు, నొప్పి తగ్గితే అసలే రారు. రాకపోతే ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో ముందే అనుకోండి.

రెండు వారాలకు మానకపోతే ఇక బయాప్సీయే, అంటే ముక్క తీసి పరీక్షకు పంపడమే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ సూచనలు కూడా కారణం తెలియని పుండు మూడు వారాలు దాటితే కాన్సర్ అనుమానంతో వేగంగా పంపమంటాయి. పేషెంటు వచ్చేనాటికే ఆ గడువు దాటిపోయి, కారణమేదీ కనిపించకపోతే మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. గట్టి అంచు, తిమ్మిరి, కదిలే పన్ను, ఎర్ర మచ్చ, మెడలో గట్టి గడ్డ, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ముక్క తీయాలి, లేదా తీసేవారి దగ్గరికి పంపాలి.

రక్తపరీక్షలకు ఇక్కడ చోటుంది గానీ చిన్నది. బ్లడ్ కౌంట్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బి12, చక్కెర, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు పుండుకు వేరే కారణాలు వెతకడానికి పనికొస్తాయి. నోటి కాన్సర్‌ను రక్తంలో పట్టే పరీక్ష లేదు. ఐరన్ తక్కువగా ఉందని తేలినా పుండుకు అదే కారణమని అనుకుని బయాప్సీ వాయిదా వేయకండి, రెండూ ఒకేసారి ఉండవచ్చు.

టొలుయిడిన్ బ్లూ రంగు, నీలి కాంతితో చూసే పరికరాలు, బ్రష్ సైటాలజీ (బ్రష్‌తో గీకి తీసిన కణాలను చూడటం) గురించి పేషెంట్లు అడుగుతారు. రంగు మామూలు పుండుకూ పడుతుంది. పరికరం వాపు ఉన్న చోటునూ నల్లగా చూపిస్తుంది. పెద్ద మచ్చలో ఎక్కడ ముక్క తీయాలో ఎంచుకోవడానికి ఇవి కొంత సాయపడతాయి. అనుమానం ఉన్న పుండు విషయంలో ఇవి బాగున్నాయి కాబట్టి బయాప్సీ వద్దని చెప్పడానికి పనికిరావు.

ముక్క తీయడం

తీసే ముందు ఆలోచించాల్సింది రెండు. ఆ వాపు నాడిలా కొట్టుకుంటున్నా, నొక్కితే పాలిపోయి మళ్ళీ నిండుతున్నా అది రక్తనాళాల గడ్డ కావచ్చు, కత్తి పెట్టకండి. రెండోది, స్కాన్ చేయించే వీలు వెంటనే ఉంటే బయాప్సీకి ముందే ఎంఆర్‌ఐ తీయించడం మేలు. కోత వల్ల వచ్చే వాపు ఎంఆర్‌ఐలో కణితిలా కనిపించి లోతును ఎక్కువ చేసి చూపుతుంది. స్కాన్‌కు వారాలు పట్టేట్టుంటే మాత్రం దానికోసం బయాప్సీ ఆపకండి.

పుండు మొత్తాన్ని కోసి తీసేయకండి. చిన్నదే కదా, ఒకేసారి పోతుందనిపిస్తుంది. కాన్సరని తేలాక సర్జన్‌కు అది ఎక్కడుండేదో, అంచు ఎక్కడ మొదలయ్యేదో తెలియదు. గాయం మానిపోయి ఉంటుంది, ఎంత కోయాలో అంచనా తప్పుతుంది. కాబట్టి అనుమానపు పుండు నుంచి భాగం మాత్రమే తీయాలి.

1. మత్తుమందు లిగ్నోకెయిన్‌ను ఎడ్రినలిన్‌తో కలిపి పుండు చుట్టూ ఇవ్వండి. పుండులోకే ఎక్కిస్తే ద్రవం కణాలను విడదీసి, స్లైడు చదవడం కష్టమవుతుంది. మందు పనిచేసేదాకా కొన్ని నిమిషాలు ఆగండి, రక్తం కూడా తగ్గుతుంది.

2. చోటు ఎంచుకోండి. పుండు నడిమధ్య తెల్లగా, మెత్తబడి ఉన్న చోట చచ్చిన కణజాలమే ఉంటుంది. రిపోర్టులో ‘నెక్రోసిస్’ అని వస్తుంది, అంతకుమించి ఏమీ తేలదు. అంచున, అన్నిటికన్నా గట్టిగా లేదా ఎర్రగా ఉన్న చోట, కాస్త మామూలు పొరను కలుపుకుని తీయాలి. మచ్చ పెద్దదై ఒక్కో చోట ఒక్కోలా ఉంటే రెండు మూడు చోట్ల తీసి, వేర్వేరు సీసాల్లో వేసి, ఏది ఎక్కడిదో బొమ్మ గీసి పంపండి.

3. 15వ నంబరు బ్లేడుతో దాదాపు 10 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పు, 4 నుంచి 5 మి.మీ. లోతున కోయండి. పంచ్ వాడితే 4 నుంచి 6 మి.మీ. ది. లోతు తక్కువైతే పైపొర మాత్రమే వస్తుంది. కాన్సర్ కణాలు అడుగుపొరను దాటి లోపలికి వెళ్ళాయా అన్నదే పథాలజిస్టు తేల్చాల్సింది, అడుగుపొర ముక్కలో లేకపోతే ఆయన చెప్పగలిగేదేమీ లేదు. మొటిమల్లా పైకి పెరిగే వెరుకస్ కార్సినోమా విషయంలో పైపై ముక్కలతో రెండు మూడుసార్లు ‘కాన్సర్ లేదు’ అని వచ్చి, ఆ తర్వాత బయటపడటం తెలిసిన సంగతే.

4. ముక్కను పట్టకారుతో నొక్కకండి, కణాలు నలిగిపోతాయి. కోసే ముందే ఒక కుట్టు వేసి దారంతో పైకి పట్టుకుంటే ముక్క చెదరదు. కాటరీ, లేజర్‌తో తీస్తే అంచులు కాలిపోయి, చిన్న ముక్కలో చదవడానికి మిగిలేది ఉండదు.

5. తీసిన వెంటనే ముక్కను చిన్న కాగితం మీద పరిచి, మెలితిరగకుండా 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. ఫార్మలిన్ ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లుండాలి. సెలైన్‌లో పంపితే దారిలోనే కణాలు చెడిపోవడం మొదలవుతుంది. పెంఫిగస్ లాంటి పొక్కుల జబ్బుల అనుమానం కూడా ఉంటే, ఇమ్యునోఫ్లోరసెన్స్ (కణజాలంలో యాంటీబాడీలను వెలిగేలా చేసి చూసే పరీక్ష) కోసం రెండో ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా మైకెల్స్ మీడియం అనే ద్రవంలో పంపాలి.

6. కుట్లు వేసి, గాజుగుడ్డ నొక్కిపెట్టి, రక్తం ఆగాక పంపండి.

సీసా మీద పేరు, వయసు, చోటు, ఏ పక్క, తేదీ ఉండాలి. మూత మీద రాస్తే మూతలు తారుమారవుతాయి, సీసా మీదే రాయండి. ఫారంలో ‘అల్సర్, బయాప్సీ’ అని రెండు మాటలు రాసి వదలకండి. ఎన్నాళ్ళ నుంచి, కొలత, గట్టిదనం, అలవాట్లు, మీ అనుమానం రాయండి. ‘28 ఏళ్ళు’ అని మాత్రమే చూస్తే పథాలజిస్టు కూడా మామూలు వాపు వైపే మొగ్గే ప్రమాదముంది.

రిపోర్టు వచ్చాక

కాన్సర్ అని వస్తే దారి తెలిసిందే. డిస్‌ప్లేషియా అని వస్తే తీవ్రతనుబట్టి మచ్చ తీయించడమో, క్రమం తప్పకుండా చూడటమో నిర్ణయించాలి. అసలు ఇబ్బంది ‘వాపు మాత్రమే, కాన్సర్ కణాలు లేవు’ అన్న రిపోర్టుతో. దాన్ని పుండుతో పోల్చి చదవండి. పుండు గట్టిగానే ఉంది, మానలేదు, రిపోర్టు బాగుంది అంటే తప్పు ముక్కలో ఉండొచ్చు. అడుగుపొర ముక్కలో ఉందా అని పథాలజిస్టుకు ఫోన్ చేసి అడగండి. ఫోటో పంపండి. అనుమానం నిలిచే ఉంటే మరో చోట, మరింత లోతుగా మళ్ళీ తీయండి. బయాప్సీ గాయం మానిన తర్వాత కూడా పుండు మిగిలుంటే ఫైలు మూయకూడదు.

దీనికి తలకిందులుగా, కాన్సర్ కానిదాన్ని కాన్సర్ అనుకునే పొరపాట్లూ ఉన్నాయి. ఇయోసినోఫిలిక్ పుండు గట్టి అంచుతో నెలల తరబడి ఉండి అచ్చం కాన్సర్‌లా కనిపిస్తుంది, బయాప్సీ చేశాక దానంతట అదే మానడం కద్దు. అంగిలి మీద వచ్చే నెక్రోటైజింగ్ సైలోమెటాప్లేషియా స్లైడులోనూ కాన్సర్‌ను పోలి ఉంటుంది, అయినా ఆరు నుంచి పది వారాల్లో తానే మానుతుంది. టీబీ పుండు, సిఫిలిస్ పుండు కూడా గట్టిగా ఉండొచ్చు. అందుకే పెద్ద ఆపరేషన్‌కు ముందు అరుదైన చోటి స్లైడులను నోటి పథాలజీ తెలిసిన మరొకరికి చూపించడం మంచిది.

పుండు లేకుండా అంగిలి మీద నున్నగా లేచిన వాపును చీముగడ్డ అనుకోకండి. పక్క పన్ను బతికే ఉండి, వాపు గట్టిగా ఉంటే లాలాజల గ్రంథి కణితి కావచ్చు. చిన్నవారిలో మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా ఇలాగే వస్తుంది. దీనికి ముక్క లోతుగా తీయాలి.

మెడ గడ్డ

గడ్డ ఉంటే అల్ట్రాసౌండ్ చూస్తూ సన్నని సూదితో కణాలు తీయించండి. ముందే కోసి గ్రంథిని తీసేయడం తప్పు, తర్వాతి ఆపరేషన్‌ను అది చెడగొడుతుంది. మెడ పక్కన నీటితిత్తిలా ఉన్న గడ్డను పుట్టుకతో వచ్చిన తిత్తి అని తేల్చేముందు టాన్సిళ్ళు, నాలుక మొదలు చూడాలి. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల గొంతులో వచ్చే కాన్సర్ ముందుగా ఇలాంటి గడ్డగానే కనిపించవచ్చు. తిత్తిలోని నీటిని మాత్రమే తీస్తే కణాలు దొరకవు, సూది గోడకు తగలాలి. హెచ్‌పీవీ పాత్రను సూచించే పి16 పరీక్ష గొంతు కాన్సర్లకు అవసరం. నాలుక ముందుభాగం, బుగ్గ, చిగుళ్ళ కాన్సర్లలో హెచ్‌పీవీ పాత్ర తక్కువ, అక్కడ దాన్ని మామూలుగా చేయించనక్కర్లేదు.

స్కాన్లు, దశ

నాలుక, నోటి అడుగుభాగానికి కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు)తో ఎంఆర్‌ఐ, ఎముకకు దగ్గరగా ఉన్న కణితులకు సీటీ. చిగుళ్ళ కణితికి దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే కూడా తీస్తారు. కానీ ఎముక బాగా తిన్నాకే అందులో తెలుస్తుంది, బాగున్నట్టు కనిపిస్తే నమ్మకండి. బుగ్గ కణితికి సీటీ తీసేటప్పుడు బుగ్గ ఉబ్బించి ఉంచమంటే చిగురుకూ బుగ్గకూ మధ్య ఖాళీ తెలిసి, కణితి ఏ వైపుదో స్పష్టమవుతుంది. జబ్బు ముదిరినట్టుంటే ఛాతీ సీటీ లేదా పెట్ సీటీ.

కాన్సర్ దశలను తేల్చే అమెరికా కమిటీ ఏజేసీసీ 2018 నుంచి వాడుకలోకి తెచ్చిన 8వ ఎడిషన్‌లో వెడల్పుతోపాటు లోతునూ లెక్కేస్తారు. 2 సెం.మీ. లోపు ఉండి, లోతు 5 మి.మీ. లోపు ఉంటే టీ1 (కణితి మొదటి మెట్టు). అంతే వెడల్పు ఉండి లోతు 5 మి.మీ. దాటితే టీ2. పైకి చిన్నగా కనిపించే పుండు లోపలికి దిగి ఉండొచ్చు కాబట్టే వేలితో తాకడానికి, ఎంఆర్‌ఐకి ఇంత ప్రాధాన్యం.

ఈ వయసులో ప్రత్యేకంగా చూడాల్సినవి

అలవాట్లేవీ లేని ఇరవైల మనిషికి నోటి కాన్సర్ వస్తే ఫాంకోనీ ఎనీమియా అనే వారసత్వ జబ్బును గుర్తుచేసుకోండి. పొట్టిగా ఉండటం, బొటనవేలి లోపాలు, చర్మంపై కాఫీరంగు మచ్చలు, రక్తకణాలు తగ్గడం, కుటుంబంలో అలాంటివారు ఉండటం దానికి ఆనవాళ్ళు. ఇవేవీ లేకుండానూ ఉండొచ్చు. క్రోమోజోములు విరిగే తీరును చూసే డీఈబీ లేదా మైటోమైసిన్ (కణాలకు కలిపే రసాయనాలు) పరీక్షతో తేలుతుంది. ఇది చికిత్సకు ముందే తెలియాలి. వీరి శరీరం రేడియేషన్‌నూ, కీమో మందు సిస్‌ప్లాటిన్‌నూ తట్టుకోలేదు, మామూలు మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. ఎముకమజ్జ మార్పిడి జరిగినవారిలో, అవయవ మార్పిడి మందులు వాడుతున్నవారిలో కూడా గడువుల కోసం ఆగకుండా త్వరగా ముక్క తీయాలి.

గర్భిణి అయితే ప్రసవం దాకా ఆగుదామన్న ఆలోచన ఇంట్లోవారికీ, కొన్నిసార్లు డాక్టర్లకూ వస్తుంది. ఆగకూడదు. లిగ్నోకెయిన్‌తో బయాప్సీ చేయవచ్చు. మెడకు అల్ట్రాసౌండ్, నోటికి గడోలినియం (ఎంఆర్‌ఐ కాంట్రాస్ట్ మందు) లేకుండా ఎంఆర్‌ఐ తీయవచ్చు. ప్రసూతి డాక్టరును మొదటి రోజే కలుపుకోండి.

పేషెంటుకు చెప్పేటప్పుడు

బయాప్సీకి ముందే ‘కాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి, అయ్యే అవకాశమూ ఉంది, అందుకే ముక్క తీస్తున్నాం’ అని నేరుగా చెప్పండి. ‘ఊరికే చిన్న టెస్టు’ అని చెబితే రిపోర్టు కోసం తిరిగి రారు. ఫలితం చెప్పే రోజు ముందే ఖాయం చేసి, తోడు ఒకరిని తీసుకురమ్మనండి. ఫలితం చెడుగా ఉంటే అదే రోజు రెఫరల్ లేఖ చేతిలో పెట్టండి. అందులో మొదట కనిపించిన తేదీ, కొలతలు, ఫోటో, మెడ పరీక్షలో కనిపించినది, ఇప్పటిదాకా వాడిన మందులు, రిపోర్టు నకలు ఉండాలి. స్లైడులు, బ్లాకులు (మైనంలో పొదిగిన ముక్కలు) ఎక్కడ దొరుకుతాయో కూడా రాయండి, పెద్దాసుపత్రిలో వాటిని మళ్ళీ చూస్తారు. పిల్లలు కావాలనుకునే వయసు కాబట్టి, కీమో మొదలవకముందే వీర్యం లేదా అండాలు భద్రపరిచే విషయం అడగమని చెప్పండి. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోతే తర్వాత అడిగే వ్యవధి ఉండదు.